49వ పాట: యూరోవిజన్‌లో పోర్చుగల్, ఒక అరేంజర్ కేస్ స్టడీ

పాటల పోటీలకు ట్రాకులు కట్టడం నా వృత్తి. కొత్తగా కీబోర్డు ముందు కూర్చున్న కుర్రాళ్లు "సార్, మార్కులు పడాలంటే పాట ఎలా ఉండాలి?" అని అడుగుతుంటారు. నేను జవాబు చెప్పను, పోర్చుగల్ కేసు ముందు పెడతాను. యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లోకి 1964లో వచ్చిన దేశం అది. 2017 దాకా గెలుపన్నది చూడలేదు. మధ్యలో ఐదేళ్లు పోటీలోనే లేదు. పాడిన 48 సార్లలో ఒక్కసారి కూడా మొదటి ఐదు స్థానాల్లోకి రాలేదు. 49వ పాట మాత్రం 758 పాయింట్లతో గెలిచింది. అన్ని పాయింట్లు ఆ పోటీలో ఇంతవరకూ ఇంకెవరికీ రాలేదు. మరుసటి ఏడాది సొంత ఊళ్లో, దాదాపు అదే తరహా నెమ్మది పాటతో, ఫైనల్లో ఆఖరి స్థానం.

2017 గెలుపు గురించి ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే కథ: ఆర్భాటం ఓడింది, నిజాయితీ గెలిచింది. వినడానికి బాగుంటుంది కానీ, దాన్ని నమ్మితే అంతకుముందు పాడిన 48 పాటల్లోనూ నిజాయితీ లేదనుకోవాలి. 2018ని ఎలా అర్థం చేసుకోవాలో అసలే తెలియదు. నా లెక్క వేరు. పోర్చుగల్ పాటల బరువంతా మొదటి నుంచీ మాటల మీదే ఉంది. ఓటేసేవాళ్లకు ఆ మాటలు తెలియవు. ఆ బరువును 2017లో ఒక అరేంజ్‌మెంట్ (ఏ వాద్యం ఎక్కడ, ఎలా మోగాలన్న కట్టడం), ఒక గొంతు, ఒక కెమెరా కలిసి మోశాయి. మిగతా ఏళ్లలో మోసేవాళ్లు లేకపోయారు, లేదా సగమే మోశారు.

పోటీ రూలు

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. యూరప్‌లోని ప్రభుత్వ ప్రసార సంస్థలు కలిసి 1956 నుంచి నడుపుతున్న పోటీ ఇది. దేశానికి ఒక కొత్త పాట. మూడు నిమిషాలు దాటకూడదు, వేదిక మీద ఆరుగురికి మించకూడదు. ప్రధాన గాత్రం లైవ్‌గా పాడాల్సిందే. తన దేశానికి తాను ఓటు వేసుకోవడం కుదరదు. 1975 నుంచి ఒక్కో దేశం తనకు నచ్చిన పది పాటలకు 12, 10, ఆపైన 8 నుంచి 1 దాకా ఇస్తుంది. 2016 నుంచి జ్యూరీ ఒక సెట్టు, జనం ఒక సెట్టు విడివిడిగా ఇస్తున్నారు. పోర్చుగల్ తరఫున పంపేది ఆర్‌టీపీ అనే ప్రభుత్వ టీవీ. ఏటా 'ఫెస్టివల్ ద కాన్సావ్' అనే దేశీయ పోటీ పెట్టి పాటను ఎంచుకుంటుంది.

వినేవాడికి ఆ పాటతో పరిచయం మూడు నిమిషాలే. అదీ ఇరవై అయిదు పాటల మధ్యలో, చాలాసార్లు తెలియని భాషలో. మన పోటీల్లో పిల్లలు పాడేది అప్పటికే జనం నోళ్లలో నానిన పాట. పల్లవి అందుకోగానే సగం పని అయిపోతుంది. అక్కడ ఆ వెసులుబాటు లేదు.

రెండు స్కోరుబోర్డులు

1964లో కోపెన్‌హాగెన్‌లో అంతోనియు కల్వారియు పాడిన తొలి పాటకు సున్నా. ఆ రాత్రే ఒక నిరసనకారుడు వేదిక మీదికెక్కి, ఫ్రాంకోను, సలజార్‌ను బహిష్కరించమంటూ అట్ట చూపించాడు. స్పెయిన్, పోర్చుగల్ రెండూ అప్పుడు నియంతల చేతుల్లో ఉన్నాయి. తొలి ఏళ్ల ఓటమికి రాజకీయమే కారణమని తేల్చేసేవాళ్లున్నారు. నాకు అంత తేలికగా ఒప్పుకోబుద్ధి కాదు. స్పెయిన్ మీదా అదే మచ్చ ఉండగా 1968లో గెలిచింది, 1969లో మరో మూడు దేశాలతో కలిసి మొదటి స్థానం పంచుకుంది.

ఆ 1969లోనే పోర్చుగల్ తరఫున సిమోన్ ద ఒలివేయిరా పాడింది. పాట రాసింది ఆరి దూష్ సాంతుష్ అనే కవి. బిడ్డను కనే స్త్రీ ఇష్టపడే కంటుంది అనే అర్థం వచ్చే ఒక పంక్తి అందులో ఉంది. కేథలిక్ కట్టుబాట్లు, సెన్సార్ కత్తెర రాజ్యమేలుతున్న దేశంలో ఒక ఆడమనిషి టీవీలో ఆ మాట పాడటం పెద్ద రభస అయింది. యూరప్ ఇచ్చింది 4 పాయింట్లు, 16 పాటల్లో 15వ స్థానం. ఇంటికొచ్చేసరికి లిస్బన్‌లో జనం ఆమెకు నీరాజనం పట్టారు. అదే పాట, రెండు స్కోర్లు. ఆ పాట ఇప్పుడు విన్నా నాకు కనబడేది ఇదే: గాయని ప్రతి మాటనూ కొరికి కొరికి పలుకుతుంది, ఆర్కెస్ట్రా ఆమె వెనకాలే నడుస్తుంది. మాట అర్థమైనవాడికి గుండె ఝల్లుమంటుంది. అర్థం కానివాడికి మిగిలేది ఒక మంచి గొంతు, అంతే.

1973లో అదే కవి రాసిన పాటను ఫెర్నాందు తోర్దు పాడాడు. ఎద్దుల పోరు నెపంతో పాలక వర్గాన్ని ఎగతాళి చేసే పాట. సెన్సార్ వాళ్ల కళ్లు కప్పి బయటపడింది. యూరప్‌లో 10వ స్థానం. ఎగతాళి ఎక్కడ ఉందో బయటివాడికి పట్టుబడే అవకాశమే లేదు.

ఇక 1974. ఈ కేసులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేది ఈ ఏడాదే. ఏప్రిల్ 6న బ్రైటన్‌లో పోటీ. స్వీడన్‌కు చెందిన అబ్బా బృందం గెలిచింది ఆ రాత్రే. సొంత భాషలోనే పాడాలన్న రూలును 1973లో ఎత్తేశారు కాబట్టి స్వీడన్ వాళ్లు ఇంగ్లిష్‌లో పాడారు, తళుకుల బట్టలు వేసుకున్నారు, మొదటి పది సెకన్లలోనే పియానోతో తలుపు బద్దలుకొట్టారు. పోర్చుగల్ తరఫున పావులు ద కర్వాల్యు ఒక వీడ్కోలు పాట పాడాడు: 'ఇ దెపోయిష్ దు అదేవుష్'. నెమ్మదిగా మొదలై ఆర్కెస్ట్రా నిండుగా పైకి లేచే ప్రేమ విరహం. 3 పాయింట్లు. ఇంకో మూడు దేశాలతో కలిసి చిట్టచివర.

పద్దెనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 24 రాత్రి 10:55కి ఎమిసోరెష్ అసోసియాదుష్ అనే లిస్బన్ రేడియో ఆ పాటను వేసింది. అది సైన్యంలోని తిరుగుబాటు అధికారులకు సిద్ధంగా ఉండమని ఇచ్చిన మొదటి సంకేతం. అర్ధరాత్రి దాటాక రేడియో రెనసెన్సాలో జోజే అఫోన్సు పాడిన 'గ్రాందొల, విలా మొరేనా' రెండో సంకేతం. ఏప్రిల్ 25 సాయంత్రానికల్లా దాదాపు అర్ధ శతాబ్దపు నియంతృత్వం కూలిపోయింది. లోకం దాన్ని కార్నేషన్ విప్లవం అంటుంది. రెండో పాటకు రాజకీయం ఉంది. మొదటిదానికి లేదు, దాన్ని ఎంచుకున్నదీ అందుకే. అప్పుడే యూరోవిజన్‌కు వెళ్లొచ్చిన ప్రేమపాటను రేడియోలో వేస్తే ఎవడికి అనుమానం వస్తుంది? మరుసటి ఏడాది స్టాక్‌హోమ్‌లో పోర్చుగల్ తరఫున పాడిన దువార్త్ మెండిష్ ఆ తిరుగుబాటులో పాల్గొన్న సైనిక కెప్టెన్. ఆయనకు 16వ స్థానం వచ్చింది.

పోటీలో ఓడిన పాట అంటే పనికిరాని పాట అని ఎవరైనా నా దగ్గర అంటే ఈ 1974 వరుస చూపిస్తాను. అయితే ఇక్కడే ఒక జారుడు ఉంది. "మనది గొప్ప పాట, వాళ్లకు అర్థం కాలేదు" అని సర్దుకోవడం. పోర్చుగల్ ఈ సర్దుబాటులో చాలాకాలం బతికిందని నా అనుమానం. 1972లో 7వ స్థానం, 1980లో మళ్లీ 7. అలాంటి మెరుపులు తప్ప ఆ ఇరవై ఏళ్లలో చెప్పుకోదగ్గది లేదు.

ఆర్కెస్ట్రా పోయింది

1990లు వాళ్లకు మంచి దశాబ్దం. 1991లో 8, 1993లో 10, 1994లో 8, 1996లో ఓస్లోలో లూసియా మొనీష్ పాటకు 6. ఆ లూసియా మొనీష్ పాటలో జానపద నడక ఉంది. ఆమె చేతిలో కవకీన్యు అనే చిన్న నాలుగు తీగల వాద్యం ఉంది. మాటలు తెలియకపోయినా 'ఇది ఫలానా చోటి పాట' అని మొదటి తాళం చుట్టులోనే చెవికి తెలిసిపోతుంది. నా లెక్కకు ఇది 2017కు ముందు వాళ్లు సాధించిన అతి మంచి అరేంజ్‌మెంట్ ఫలితం. యాదృచ్ఛికం కాదు.

ఆ తర్వాత మూడేళ్లలో కింద నేల కదిలిపోయింది. 1997లో ఐదు దేశాలు ఫోన్ ఓటింగ్ మొదలుపెట్టాయి, 1998కల్లా దాదాపు అందరూ అటే వెళ్లారు. మధ్యలో తిరిగి వచ్చిన సొంత భాష రూలును ఎత్తేసి, 1999 నుంచి మళ్లీ ఏ భాషలోనైనా పాడొచ్చన్నారు. అదే ఏడాది నుంచి లైవ్ ఆర్కెస్ట్రా లేదు, రికార్డు చేసిన ట్రాకే. మా వృత్తివాళ్లకు మూడో మార్పు ఎంత పెద్దదో వెంటనే తెలుస్తుంది. స్టూడియోలో యాభై మందితో స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి తీగ వాద్యాలు) మోగించలేని చిన్న ప్రసార సంస్థకు ఇంతకాలం హోస్టు దేశపు ఆర్కెస్ట్రా ఉచితంగా దొరికేది. ఇప్పుడు కంప్యూటర్‌లో సంగీతం కట్టే ప్రోగ్రామింగ్ బలం ఉన్నవాడిదే రాజ్యం. బల్లాడ్, అంటే నెమ్మది భావగీతం, కట్టే దేశానికి కీబోర్డు స్ట్రింగ్స్ మిగిలాయి. అవి హాల్లో ఎలా వినిపిస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

ఫలితాలు చూడండి. 6వ స్థానం వచ్చిన మరుసటి ఏడాదే, 1997లో డబ్లిన్‌లో, సేలియా లాసన్‌కు సున్నా. 1999లో మొత్తం 12 పాయింట్లు, అన్నీ ఒక్క ఫ్రాన్స్ ఇచ్చినవే. ఫ్రాన్స్‌లో లక్షల మంది పోర్చుగీసు వలసదారులున్నారు. అంటే పాట దాటిన దూరం ఎంతో, ఊరివాళ్ల అభిమానం ఎంతో తేలిపోయింది. గత ఐదేళ్ల సగటు చూసి వెనకబడిన దేశాలను ఒక ఏడాది పక్కన పెట్టే పద్ధతి అప్పట్లో ఉండేది. దాని కింద 2000లో పోర్చుగల్‌కు చోటు పోయింది. 2002లో చోటు ఇస్తామన్నా ఆర్‌టీపీ వద్దనుకుంది. ఆ ఖాళీలోకి వచ్చిన లాత్వియా ఆ ఏడు గెలిచి కూర్చుంది!

2004లో సెమీఫైనళ్లు మొదలయ్యాక నాలుగేళ్లు వరసగా ఫైనల్ ముఖం చూడలేదు. మధ్యలో కొన్ని పాటల్లో ఇంగ్లిష్ ముక్కలు కలిపి చూశారు. అటూ ఇటూ కాకుండా పోయింది. 2008 నుంచి మూడేళ్లు ఫైనల్ చేరినా 13, 15, 18 స్థానాలతో సరి. మళ్లీ పడిపోయారు. 2013లో, 2016లో అసలు వెళ్లలేదు.

2017: పాట విప్పి చూస్తే

2016 విరామంలో ఆర్‌టీపీ దేశీయ పోటీని మళ్లీ కట్టుకుంది. 16 మంది స్వరకర్తలను పిలిచి, పాడేవాళ్లను మీరే ఎంచుకోండి అంది. స్వరకర్తలను పిలవడం పూర్తిగా కొత్తేమీ కాదు. కొత్త ఏమిటంటే పిలిచినవాళ్ల జాబితా. ఫెస్టివల్ వైపు తల తిప్పి చూడని జాజ్, ఇండీ వాళ్లు అందులోకి వచ్చారు. వాళ్లలో ఒకరు లూయిజా సొబ్రాల్, అమెరికాలో బర్క్లీ సంగీత కళాశాలలో చదివిన జాజ్ గాయని, స్వరకర్త. పాడటానికి తమ్ముడు సాల్వడోర్‌ను తెచ్చుకుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అక్కా తమ్ముడూ ఇద్దరూ 'ఐడల్' ఫార్మాట్ పోర్చుగీసు వెర్షన్‌లో పాడినవాళ్లే. 2003లో అక్క మూడో స్థానం, 2009లో తమ్ముడు ఏడో స్థానం. అదే ఫార్మాట్ హిందీలో మన శ్రీరామచంద్రకు 2010లో, రేవంత్‌కు 2017లో టైటిల్ ఇచ్చింది. ఏడో స్థానంలో ఇంటికి పంపిన గొంతు తర్వాత యూరప్ రికార్డు కొట్టింది. ఐడల్ జడ్జీలను తప్పుపట్టను. వేరేవాళ్ల పాటలు వారానికొకటి పాడించే పోటీలో ఆ గొంతు గుణం బయటపడదు.

'అమార్ పెలుష్ దోయిష్' తిశ్ర నడకలో సాగే నెమ్మది పాట. నువ్వు ప్రేమించకపోయినా ఇద్దరి వంతూ నా గుండే ప్రేమిస్తుందిలే అన్నది సారాంశం. స్ట్రింగ్స్, పియానో, గొంతు. డ్రమ్స్ లేవు. హుక్, అంటే చెవికి ఇట్టే తగులుకునే ముక్క, అని వేరే చూపించడానికి ఏమీ లేదు. పాత అమెరికన్ జాజ్ బల్లాడ్ల కట్టడం: ఒక రాగ వాక్యం, మళ్లీ అదే, మధ్యలో ఒక మలుపు, తిరిగి ఇంటికి. మూడు నిమిషాల్లో చెవికి ఆ వాక్యం కంఠతా వచ్చేస్తుంది. మాట తెలియనివాడికి రాగమే పల్లవి. లూయిష్ ఫిగెయిరెదు చేసిన స్ట్రింగ్స్ అరేంజ్‌మెంట్ గొంతు కింద పరుపులా పరచుకుని ఊరుకోదు. గొంతు ఊపిరి తీసుకున్నప్పుడు అది మాట్లాడుతుంది, గొంతు మాట్లాడేటప్పుడు తప్పుకుంటుంది. ఇది రాయడానికి చాలా నిగ్రహం కావాలి. ఖాళీ కనిపిస్తే నింపేయడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఇంకో సంగతి. ట్రాక్‌లో గట్టి రిథమ్ లేకపోవడం వల్ల గాయకుడికి స్వేచ్ఛ దొరికింది. మాటను కొంచెం ఆలస్యంగా అందుకోవచ్చు, కొంచెం ముందే విడిచిపెట్టొచ్చు. సాల్వడోర్ ఒక్కోసారి ఒక్కోలా పాడాడు. రికార్డు ట్రాక్ మీద పాడుతున్నా ఎదురుగా బ్యాండ్ ఉన్నట్టే అనిపిస్తుంది. అంతకుముందు దశాబ్దంన్నర పాటు పోర్చుగల్ గాయకులు ట్రాక్ వెంట పరిగెత్తారు. ఈయన దాన్ని తన వెంట నడిపించాడు.

ఆ ఏడు పోటీ జరిగిన కీవ్‌లో వేదిక ఎంపిక కూడా అరేంజ్‌మెంటులో భాగమే అంటాను. అందరూ పెద్ద వేదిక మీద, ఎల్‌ఈడీ తెరల ముందు నిలబడ్డారు. ఈయన జనం మధ్యలో ఉన్న చిన్న గుండ్రటి వేదిక మీద ఒక్కడే నిలబడ్డాడు. డాన్సర్లు లేరు, నిప్పురవ్వలు లేవు. వదులు కోటు, వింతగా కదిలే వేళ్లు. కెమెరాకు చూపించడానికి ముఖం తప్ప ఇంకేమీ లేదు. మాట చేయాల్సిన పని ముఖం చేసింది. అప్పటికే ఆయనకు తీవ్రమైన గుండె జబ్బు. కీవ్‌కు ఆలస్యంగా వచ్చాడు. తొలి రిహార్సళ్లలో ఆయన చోట అక్కే నిలబడి పాడింది. ఆ ఏడాది డిసెంబర్‌లో గుండె మార్పిడి జరిగింది. ఈ విషయం ఓట్లు తెచ్చిందనేవాళ్లున్నారు. కొంత తెచ్చి ఉండొచ్చు. కానీ జ్యూరీలు, జనం ఒకే పాటను మొదటి స్థానంలో పెట్టడం సానుభూతితో అయ్యే పని కాదు.

అంకెలు: జ్యూరీ 382, జనం 376. మొత్తం 758. ఆ ఏడు 42 దేశాలు పాల్గొన్నాయి కాబట్టి ఒక పాటకు రాగలిగిన గరిష్ఠం 984. అందులో 77 శాతం. రెండో స్థానంలో నిలిచిన బల్గేరియాకు 615. నాకు ముఖ్యమైనది మొత్తం కాదు, ఆ రెండు అంకెల మధ్య తేడా ఆరే కావడం. సంగీతం తెలిసినవాడికి, సోఫాలో కూర్చున్నవాడికి అదే పాట అంతే నచ్చింది. గెలిచాక మైకులో ఆయన పారేసే సంగీతం, ఫాస్ట్‌ఫుడ్ సంగీతం అంటూ మిగతావాళ్లకు చురక పెట్టాడు. సంగీతం బాణసంచా కాదన్నాడు. ఆ క్షణంలో అనిపించింది అన్నాడు, సరే. నేనైతే బాణసంచా వాళ్ల పక్షాన కొంచెం మాట్లాడతాను: పాతిక పాటలూ అలా నెమ్మదిగా ఉంటే ఈయన పాట ఎవరికీ గుర్తుండేది కాదు.

2018, ఆ తర్వాత

ఆ మాటకు రుజువు లిస్బన్‌లోనే దొరికింది. 2018 మే, అల్టీస్ అరీనా. ఆర్‌టీపీ ఎల్‌ఈడీ తెరలే లేని వేదిక కట్టింది, సముద్రయానం ఇతివృత్తంగా. గెలిచిన దేశం కాబట్టి పోర్చుగల్ నేరుగా ఫైనల్లో ఉంది. ఇజావురా రాసిన 'ఉ జర్దీం' పాటను క్లాడియా పష్కోల్ పాడింది, చివర్లో ఇజావురా వచ్చి గొంతు కలిపింది. చనిపోయిన అమ్మమ్మను తలచుకునే మెత్తటి పాట. పాటగా నాకు ఇష్టం. 39 పాయింట్లు, 26వ స్థానం, అంటే చిట్టచివర. కోడి కూతల్లాంటి శబ్దాలతో ఇజ్రాయెల్ గాయని నెట్టా గెలిచింది. అదే వేదిక మీద అతిథిగా సాల్వడోర్, బ్రెజిల్ గాయకుడు కయెతానో వెలోసోతో కలిసి తన పాట పాడితే హాలు హాలంతా కరిగిపోయింది.

ఏం తేడా? 'ఉ జర్దీం' మెత్తగా ఉంది కానీ, దాని మెత్తదనం ప్రొడక్షన్‌లో ఉంది. తేలిపోయే ఎలక్ట్రానిక్ ప్యాడ్లు (వెనకాల సాగుతూ ఉండే స్వరాలు), దగ్గరి మైకు గొంతు. హెడ్‌ఫోన్లలో వింటే బ్రహ్మాండం. పెద్ద అరీనాలో, టీవీ స్పీకర్లో ఆ ప్యాడ్లు పొగలా విడిపోతాయి. రాగ వాక్యం కూడా మొదటిసారికే పట్టుబడేది కాదు. దుఃఖం ఏమిటో మాటల్లో ఉంది. మాటలు మళ్లీ యూరప్‌కు తెలియవు. 1969 జబ్బే, కొత్త బట్టల్లో.

ఆ తర్వాతి రికార్డును చాలామంది గమనించరు గానీ కేసులో అసలు పాఠ్యాంశం అక్కడుంది. 2021లో ది బ్లాక్ మాంబా బృందం పోర్చుగల్ చరిత్రలో మొదటిసారి పూర్తిగా ఇంగ్లిష్ పాట పాడింది. 12వ స్థానం. జ్యూరీ 126, జనం 27. 2022లో గాయని మారో, వేదిక మీద ఐదుగురు తోడు గొంతులతో గుండ్రంగా నిలబడి పాడిన పాటకు 9వ స్థానం. జ్యూరీ 171, జనం 36. 2024లో గాయని ఇయొలాంద, 10వ స్థానం. జ్యూరీ 139, జనం 13. స్థానాలు చూస్తే ఇవి ఆ దేశ చరిత్రలోనే మంచి ఏళ్లు. విడదీసి చూస్తే మాత్రం మోస్తున్నది జ్యూరీ ఒక్కటే. 2017లో ఆరు పాయింట్ల తేడా ఉన్నచోట ఈ మూడేళ్లలో 99 నుంచి 135 దాకా. ఇంగ్లిష్ పాడినా జనం ఓటు పెరగలేదన్నది గుర్తుపెట్టుకోవాలి. భాష ఒక్కటే అడ్డం అనే వాదనకు అక్కడితో చెల్లు.

నన్ను ఆర్‌టీపీ పిలిచి సలహా అడగదు గానీ, అడిగితే పాటల ఎంపిక పద్ధతిని ముట్టుకోవద్దనే అంటాను. స్వరకర్తకు గొంతును ఎంచుకునే హక్కు ఇవ్వడం వాళ్లు చేసిన అన్నిటికంటే తెలివైన పని. దేశీయ ఫైనల్ అయ్యాక మాత్రం ఒక పరీక్ష పెట్టాలి. పోర్చుగీసు రాని పదిమందిని కూర్చోబెట్టి, మామూలు టీవీ స్పీకర్లో పాట ఒక్కసారి వినిపించి, అరగంట తర్వాత కూనిరాగం తీయమనాలి. ఎవరి నోటా రాగం రాకపోతే పాట మార్చక్కర్లేదు, ట్రాక్‌ను విప్పి మళ్లీ కట్టాలి. కీవ్‌కు వెళ్లే ఏడాది ఈ పరీక్ష పెడితే పదిమందిలో పదిమందీ తీసేవాళ్లని నా పందెం.

2025లో బాజెల్‌కు మడైరా దీవి నుంచి వచ్చిన నాపా బృందం వెళ్లింది. దీవిని వదిలి లిస్బన్‌లో బతకాల్సి వచ్చిన కుర్రాడి పాట. జ్యూరీ 37, జనం 13, మొత్తం 50, 21వ స్థానం. పోర్చుగల్‌లో మాత్రం పెద్ద హిట్టయింది.